ట్రైలర్‌ను లాగే పికప్: లెక్క బ్రేకుల దగ్గర మొదలవుతుంది

సూరత్ రింగ్ రోడ్డులోని బట్టల మార్కెట్ల ముందు పొద్దెక్కితే నడవడానికి కూడా చోటుండదు. తానులు, పార్సిళ్లు నింపుకున్న టెంపోలు, మూడు చక్రాల ఆటోలు, పికప్‌లు ఒకదాని వెనక ఒకటి బారులు తీరి ఉంటాయి. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో చాలా కాలంగా స్థిరపడి ఉన్నాయి. మరమగ్గాల మీద నేసిన గ్రే క్లాత్ అక్కడి నుంచి పాండేసరా వైపు ఉన్న అద్దకం మిల్లులకు, మిల్లుల నుంచి మళ్లీ మార్కెట్‌కు రోజూ తిరుగుతూనే ఉంటుంది.

అలాంటి ఒక కుటుంబానికి ఒక పికప్ ఉందనుకుందాం. సరుకు పెరిగింది. రెండో బండి కొంటే రెండో డ్రైవర్ కావాలి, రెండు బండ్లకూ డీజిల్ కావాలి. దాని బదులు ఉన్న బండికే వెనక ఒక ట్రైలర్ తగిలిస్తే సరిపోదా? లేదా ట్రైలర్‌ను లాగగలిగే పెద్ద పికప్ ఒకటి కొంటే? ఈ ఆలోచనతో షోరూమ్‌కు వెళ్లినవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న ‘ఇంజిన్ ఎన్ని హార్స్‌పవర్?’ అని. భౌతికశాస్త్రం ప్రకారం ఆ ప్రశ్న చివర్లో రావాలి. ఎందుకో చిన్న లెక్కలతో చూద్దాం.

లాగడానికి ఎంత బలం కావాలి?

పికప్, డ్రైవర్, కొంత సరుకు కలిపి 2,000 కిలోలు. సరుకుతో సహా ట్రైలర్ 1,500 కిలోలు అనుకుందాం. మొత్తం 3,500 కిలోలు. చదునైన తారు రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ప్రధానంగా ఎదురయ్యేది టైర్ల దొర్లుడు నిరోధం. ఇది మొత్తం బరువులో సుమారు ఒకటిన్నర శాతం ఉంటుంది. అంటే దాదాపు 515 న్యూటన్ల బలం. 50 కిలోల బస్తాను పైకెత్తి పట్టుకోవడానికి కావలసినంత బలమే ఇది. సూరత్ తాపీ నది ముఖద్వారం దగ్గరున్న చదునైన నగరం కాబట్టి, ఊళ్లో ఏ పికప్ అయినా ఈ పని చేసేస్తుంది. ‘మా బండి రెండు టన్నులు ఇట్టే లాగింది’ అనే మాటలో అబద్ధం ఉండదు.

ఇదే బండి సాపుతారా మీదుగా నాసిక్ వెళ్లాలనుకోండి. డాంగ్ జిల్లాలో సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు అది. ప్రతి 100 మీటర్లకు 8 మీటర్లు ఎక్కే వాలు ఎదురైతే, బరువులో 8 శాతాన్ని, అంటే సుమారు 2,740 న్యూటన్లను అదనంగా జయించాలి. మొత్తం 3,260 న్యూటన్లు. చదును రోడ్డుతో పోలిస్తే ఆరు రెట్లకు పైనే.

అయినా ఇంజిన్ చేతులెత్తేయదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఈ వాలు ఎక్కడానికి చక్రాల దగ్గర కావలసింది సుమారు 27 కిలోవాట్లు, అంటే 37 హార్స్‌పవర్. మన రోడ్ల మీద తిరిగే చిన్న డీజిల్ పికప్‌లకే 75 హార్స్‌పవర్, 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంటాయి. మొదటి గేరు, వెనక ఇరుసులోని డిఫరెన్షియల్ కలిసి ఈ టార్క్‌ను సుమారు 16 రెట్లు పెంచుతాయనుకుంటే, చక్రాల అంచు దగ్గర 9,000 న్యూటన్ల బలం దొరుకుతుంది. అవసరానికి రెండున్నర రెట్లకు పైగా ఉన్నట్టే. క్లచ్ వేడెక్కడం, ఎండాకాలంలో రేడియేటర్ మీద భారం పడటం నిజమే. కానీ ఇంజిన్ అలసిపోతే బండి నెమ్మదిస్తుంది, డ్రైవర్‌కు తెలుస్తుంది. అసలు ప్రమాదం అలా ముందుగా చెప్పి రాదు.

ఆపడం వేరే లెక్క

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న 2,000 కిలోల పికప్‌లో సుమారు 278 కిలోజౌళ్ల గతిజ శక్తి ఉంటుంది. బండి ఆగాలంటే ఆ శక్తి అంతా బ్రేకుల్లో వేడిగా మారాలి. వెనక 1,500 కిలోల ట్రైలర్ కూడా ఉంటే ఆ శక్తి 486 కిలోజౌళ్లకు పెరుగుతుంది.

ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేవనుకుందాం. అప్పుడు రెండింటి శక్తినీ పికప్ నాలుగు టైర్లే మింగాలి. పొడి రోడ్డు మీద మంచి టైర్లు తమపై పడే బరువులో 70 శాతం దాకా పట్టు ఇస్తాయనుకుంటే, పికప్ ఒక్కటే సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. బ్రేకు లేని ట్రైలర్ వెనక ఉంటే 35 మీటర్లు పడుతుంది. సూరత్ వానాకాలంలో తడి రోడ్డు మీద పట్టు 40 శాతానికి పడిపోయిందనుకుంటే, 35 మీటర్లలో ఆగాల్సిన బండి 62 మీటర్లు వెళ్తుంది. డ్రైవర్ ప్రమాదాన్ని గమనించి కాలు బ్రేకు మీద పెట్టే ఒక్క సెకనులో సాగే మరో 17 మీటర్లు ఇందులో కలపలేదు. పికప్ ఒక్కటే ఉన్నప్పుడు అలవాటైన దూరంలో ముందు బండి ఆగితే, ఆ అలవాటే ప్రమాదమవుతుంది.

బ్రేకుల విలువ ఎంతో ఒక్క ఉదాహరణలో తెలుస్తుంది. మన దేశంలో 2022లో విడుదలైన టయోటా హైలక్స్ పికప్‌నే ఆస్ట్రేలియాలోనూ అమ్ముతారు. అక్కడ దాని ఫోర్ వీల్ డ్రైవ్ రకానికి కంపెనీ రెండు పరిమితులు ఇస్తుంది. ట్రైలర్‌కు బ్రేకులుంటే 3,500 కిలోలు. లేకపోతే 750 కిలోలు. అదే బండి, అదే ఇంజిన్, అదే గేర్లు. మారింది ట్రైలర్ చక్రాల్లోని బ్రేకులు మాత్రమే.

ఈ 750 అనే సంఖ్య ఇతర చోట్లా కనిపిస్తుంది. ఐరోపా నిబంధనల్లో బ్రేకులు లేకుండా వదిలేసే తేలికపాటి ట్రైలర్లకు అదే హద్దు. భారత వాహన ప్రమాణాలు కూడా ట్రైలర్లను విభజించేటప్పుడు 0.75 టన్నుల దగ్గర మొదటి గీత గీస్తాయి. అంతవరకు ఉన్నవి టి1 తరగతి. ఆపైన 3.5 టన్నుల దాకా టి2.

ట్రైలర్ బ్రేకుల్లో సులభంగా అర్థమయ్యేది తోపుడు బ్రేకు. పికప్ నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుడికి కొక్కెం దగ్గరి కడ్డీ లోపలికి జరిగి, ఒక తీగను లాగి, ట్రైలర్ చక్రాల బ్రేకులను బిగిస్తుంది. పికప్‌ను గుద్దాల్సిన బలమే ట్రైలర్‌ను ఆపుతుందన్నమాట. కరెంటుతో పనిచేసే బ్రేకులు ఇంకో రకం. ఏ రకమైనా, కొక్కెం ఊడిపోతే ట్రైలర్‌ను దానంతట అదే ఆపే తీగ, పికప్‌కు కట్టి ఉంచే రెండు గొలుసులు తప్పనిసరిగా ఉండాలి.

ఘాట్ దిగేటప్పుడు

ఎక్కేటప్పుడు ఇంజిన్ పడ్డ కష్టమంతా దిగేటప్పుడు బ్రేకుల మీదకు వస్తుంది. 3,500 కిలోల జోడీ 500 మీటర్ల ఎత్తు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు 17 మెగాజౌళ్లు. 55 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేవడానికి సరిపోయే వేడి అది. ఇందులో కొంత టైర్ల నిరోధం, గాలి తీసుకుంటాయి. మిగిలింది బ్రేకుల మీద పడితే డ్రమ్ములు, డిస్కులు విపరీతంగా కాలిపోతాయి. బ్రేకు ప్యాడ్లు వేడికి పట్టు కోల్పోతాయి. పాత బ్రేకు నూనెలో తేమ చేరి ఉంటే అది మరిగి ఆవిరి బుడగలు ఏర్పడతాయి. అప్పుడు పెడల్ తొక్కినా మెత్తగా లోపలికి పోతుంది తప్ప బండి ఆగదు.

అనుభవమున్న లారీ డ్రైవర్లు ‘ఎక్కిన గేరులోనే దిగాలి’ అనేది ఇందుకే. తక్కువ గేరులో ఇంజిన్ తన నిరోధంతో ఆ శక్తిలో చాలా భాగాన్ని తీసుకుంటుంది. బ్రేకులకు చల్లబడే వ్యవధి దొరుకుతుంది. న్యూట్రల్‌లో దించితే ఆదా అయ్యే డీజిల్ కొద్దిపాటిది. పోయేది మాత్రం బండిని ఆపే రెండో దారి.

ఎడ్లబండి చెప్పిన పాఠం

ట్రైలర్‌లో సరుకు ఎక్కడ పెట్టాలన్నది ఎడ్లబండి తోలిన ప్రతి రైతుకూ తెలిసిన విషయమే. బరువు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడను నొక్కేస్తుంది. ఇరుసుకు వెనక ఎక్కువైతే కాడి పైకి లేచిపోతుంది. మంచి బండివాడు కాడి మీద కొద్దిపాటి బరువు మాత్రం నిలిచేలా బస్తాలు సర్దుతాడు.

ఒకే ఇరుసున్న ట్రైలర్‌కూ ఇదే సూత్రం. దాని మొత్తం బరువులో సుమారు పదో వంతు పికప్ కొక్కెం మీద ఆనాలని అమెరికాలో సాధారణంగా చెబుతారు. ఐరోపాలో ఇంకా తక్కువ పెడతారు, కానీ అక్కడ ట్రైలర్లను లాగే వేగం కూడా తక్కువ. మన 1,500 కిలోల ట్రైలర్‌కు పదో వంతు అంటే 150 కిలోలు.

ఈ 150 కిలోలు పికప్ మీద 150గానే పడవు. కొక్కెం వెనక ఇరుసుకు 1.2 మీటర్ల వెనక ఉందనుకుందాం. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు. వెనక ఇరుసు ఇక్కడ తులాదండానికి ఆధారంలా పనిచేస్తుంది. కొక్కెం కిందికి నొక్కితే ముందు చక్రాల మీద నుంచి 60 కిలోల భారం తగ్గి, వెనక ఇరుసు మీద 210 కిలోలు పెరుగుతాయి. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ పట్టు తగ్గుతుంది. వెనక ఇరుసు అప్పటికే నిండుగా ఉంటే అది పరిమితి దాటుతుంది. పికప్ తొట్టి నిండా తానులు నింపి, ఆపైన ట్రైలర్ తగిలించకూడదనేది ఇందుకే. కొక్కెం మీద పడే బరువు కూడా పికప్ మోయాల్సిన సరుకులో భాగమే.

ట్రైలర్ ఊగడం మొదలైతే

కొక్కెం మీద కొంత బరువు ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. ట్రైలర్‌ను అడ్డంగా పడుకోబెట్టిన లోలకంగా ఊహించుకోండి. కొక్కెం దాని ఆధారం. పక్కగాలికో, పెద్ద లారీ దాటినప్పుడో అది అటూ ఇటూ కదులుతుంది. ఆ కదలికను అణిచేది ట్రైలర్ టైర్లు. అయితే టైరు ఇచ్చే అడ్డు బలం, అది రోడ్డు మీద ఎంత కోణంలో పక్కకు జారుతోందన్న దాని మీద ఆధారపడుతుంది. ముందుకు వెళ్లే వేగం పెరిగేకొద్దీ అదే ఊపుకు ఆ కోణం చిన్నదవుతుంది. అంటే వేగం ఎక్కువయ్యేకొద్దీ ఊపును అణిచే శక్తి తగ్గుతూ పోతుంది.

ఒక హద్దు దాటాక ఊపు తగ్గే బదులు ప్రతిసారీ పెరుగుతుంది. రెండు మూడు ఊపుల్లోనే ట్రైలర్ పికప్ వెనక భాగాన్ని పక్కకు ఈడ్చేస్తుంది. బరువు ట్రైలర్ ఇరుసుకు వెనక పడితే ఈ హద్దు వేగం చాలా కిందికి దిగుతుంది. సరుకును రెండు చివర్లా పేర్చినా అంతే. అందుకే బరువైనవి ఇరుసుకు దగ్గరగా, కాస్త ముందుకు ఉండాలి.

బండి ఎంపికలో ఇది రెండు కొలతలుగా కనిపిస్తుంది. పికప్ రెండు ఇరుసుల మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత స్థిరత్వం. వెనక ఇరుసుకూ కొక్కేనికీ మధ్య దూరం ఎంత తక్కువైతే అంత మంచిది, ఎందుకంటే ఊగే ట్రైలర్ చేతికి దొరికే మీట అదే. హజీరా ఓడరేవు నుంచి కంటైనర్లు మోసే పెద్ద ట్రాక్టర్ లారీలను గమనిస్తే, ట్రైలర్ మెడ లారీ వెనక ఇరుసుల పైనే కూర్చుని ఉంటుంది. అక్కడ ఆ మీట దాదాపు లేదు.

ఊపు మొదలైనట్టు అనిపిస్తే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకుని బండిని తనంతట నెమ్మదించనివ్వాలి. పికప్ బ్రేకును గట్టిగా తొక్కితే ట్రైలర్ వెనక నుంచి తోసి మడతపడుతుంది. వేగం పెంచి సరిచేద్దామనుకుంటే పరిస్థితి ఇంకా చెడుతుంది.

పట్టు లేకపోతే బలం వృథా

ఇంజిన్ ఇచ్చే బలం రోడ్డుకు చేరేది తిరిగే చక్రాల ద్వారానే. వెనక చక్రాలతో నడిచే మన పికప్‌లో వెనక ఇరుసు మీద 900 కిలోలు ఉన్నాయనుకోండి. తడి రోడ్డు మీద ఆ చక్రాలు ఇవ్వగలిగేది సుమారు 3,530 న్యూటన్లు. 8 శాతం వాలు ఎక్కడానికి కావలసింది 3,260. అంటే అంచు మీద ఉన్నట్టే. ట్రైలర్ బరువు సరిగా కొక్కెం మీద ఆని వెనక ఇరుసుకు మరో 210 కిలోలు చేరితే పట్టు 4,350 న్యూటన్లకు పెరుగుతుంది. బురదలో పట్టు సగానికి సగం పడిపోతే వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్ వీల్ డ్రైవ్ అక్కరకొచ్చేది అప్పుడే. ముందు చక్రాలతో నడిచే కార్లకు మాత్రం కొక్కెం మీది బరువు పట్టును తగ్గిస్తుంది.

ఇదే సూత్రం పెద్ద స్థాయిలో సూరత్ శివార్లకు కొత్త కాదు. ఫ్రాన్స్‌లోని కాదరాష్‌లో నిర్మిస్తున్న ఐటర్ ఫ్యూజన్ రియాక్టర్‌కు సుమారు 3,850 టన్నుల క్రయోస్టాట్ భాగాలను హజీరాలోని ఎల్ అండ్ టి కర్మాగారంలోనే తయారుచేశారు. అలాంటి భారీ సరుకును బహుళ ఇరుసుల ట్రైలర్ల మీద కదిలించే ట్రాక్టర్ లారీలకు వెనక ఇరుసుల పైన కావాలనే ఇనుప దిమ్మెల వంటి బరువులు వేస్తారు. మామూలు లారీకి అనవసరమనిపించే ఆ బరువే, చక్రాలు జారకుండా లాగే బలంగా మారుతుంది.

కాగితం మీది సంఖ్య ఎక్కడిది?

అమెరికాలో పికప్‌ల లాగే సామర్థ్యాన్ని తేల్చడానికి ఎస్ఏఈ జె2807 అనే ప్రమాణం ఉంది. అందులో ఒక పరీక్ష అరిజోనాలోని డేవిస్ డ్యామ్ వాలు. సుమారు 18 కిలోమీటర్ల ఎక్కుడు. బయట కనీసం 38 డిగ్రీల వేడి ఉండాలి, ఏసీ పూర్తిగా నడుస్తూ ఉండాలి, మామూలు పికప్ వేగం గంటకు 64 కిలోమీటర్లకు తగ్గకూడదు. 12 శాతం వాలు మీద ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ఆగి కదలాలి. ఇవన్నీ తట్టుకున్న బరువునే కంపెనీ ప్రకటిస్తుంది.

మన దేశంలో పికప్‌ను ప్రధానంగా మోసే బండిగా అమ్ముతారు, లాగే బండిగా కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి. బొలెరో పికప్, టాటా యోధా వంటివి ప్రతి పట్టణంలో కనిపిస్తాయి. కొనేవాళ్లు సాధారణంగా చూసేది ఎంత సరుకు మోస్తుందన్న సంఖ్యనే. విదేశంలో అదే పేరుతో ఉన్న బండికి ఇచ్చిన లాగుడు పరిమితిని ఇక్కడి బండికి ఆపాదించుకోవడం సరికాదు. స్ప్రింగులు, ఇరుసు నిష్పత్తులు, కొక్కెం బిగించే చోట్లు వేరుగా ఉండవచ్చు. ఇక్కడి కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకున్న సంఖ్యకే విలువ.

చట్టం సంగతీ మరవకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా ఒక వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. లాగుతున్న బండి నంబరు ట్రైలర్ మీద కనిపించాలి. 2019 సవరణ తర్వాత అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు మరో 2,000.

కొనే ముందు

పైన చెప్పినదంతా ఒక వరుసలో పెట్టుకుంటే ఎంపిక తేలికవుతుంది.

మొదట ట్రైలర్‌ను సరుకుతో నింపి వేబ్రిడ్జి మీద తూకం వేయించాలి. అంచనాలు సాధారణంగా తక్కువే చెబుతాయి.

ఆ బరువు 750 కిలోలు దాటితే సొంత బ్రేకులున్న ట్రైలర్ తప్ప మరొకటి చూడకూడదు.

తర్వాత పికప్ కంపెనీ ఇచ్చే లాగుడు పరిమితి, కొక్కెం మీద అనుమతించే బరువు, వెనక ఇరుసు పరిమితి అడగాలి. మూడింటిలో ఏది ముందు నిండితే అదే ఆ బండి హద్దు.

కొక్కెం బంపర్‌కు కాక, ఛాసిస్‌కు బిగించేలా ఉండాలి. ఇరుసుల మధ్య దూరం ఎక్కువగా, కొక్కెం వెనక ఇరుసుకు దగ్గరగా ఉన్న బండికి మొగ్గు చూపాలి.

దారిలో బురద, మట్టి రోడ్లు ఉంటే ఫోర్ వీల్ డ్రైవ్ గురించి ఆలోచించాలి. ఘాట్ ఉంటే తక్కువ గేర్లు, బ్రేకుల పరిమాణం చూడాలి.

హార్స్‌పవర్ ఈ వరుసలో చివరిది.

లెక్క వేసి చూస్తే కొన్నిసార్లు సమాధానం ట్రైలరే కాదని తేలుతుంది. లింబాయత్ ఇరుకు సందుల్లో ట్రైలర్‌ను వెనక్కి నడపడం కష్టం. స్టీరింగ్ ఒకవైపు తిప్పితే ట్రైలర్ రెండో వైపు తిరుగుతుంది, కాస్త ఎక్కువైతే మడతపడుతుంది. రోజంతా అలాంటి సందుల్లోనే తిరిగే సరుకుకు, ఒక మెట్టు పెద్దదైన చిన్న లారీయే నయం. దాని బ్రేకులు ఆ మొత్తం బరువుకే తయారై వస్తాయి. ట్రైలర్ అక్కరకొచ్చేది సరుకును ఒకచోట వదిలి పికప్ వేరే పనికి వెళ్లాల్సినప్పుడు, లేదా జనరేటర్, నీటి ట్యాంకు వంటివి అప్పుడప్పుడు మాత్రమే తరలించాల్సినప్పుడు.

ట్రైలరే కావాలని తేలితే, కొన్న తర్వాత చేయాల్సిన మొదటి పరీక్షకు కొండ ఎక్కనక్కరలేదు. ఖాళీ మైదానంలో, పూర్తి బరువుతో, గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసి ఎంత దూరంలో ఆగిందో అడుగులతో కొలవాలి. రోడ్డు మీద ముందు బండికి ఎంత ఎడం వదలాలో ఆ అడుగులే చెబుతాయి. వేగం రెట్టింపై 60 అయితే, కాలు బ్రేకు మీద పడ్డాక సాగే దూరం నాలుగు రెట్లవుతుందని మాత్రం మరవకూడదు.